రౌతు కొద్దీ గుర్రమా, సాఫ్ట్‌వేర్ కొద్దీ బైకా?

మోటార్‌సైకిల్ రేసుల్లో ఎలక్ట్రానిక్ సాయంపై సాగుతున్న చర్చ, దాని వెనక ఉన్న విజ్ఞానం

2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో మన దేశంలో తొలిసారిగా మోటోజీపీ రేసు జరిగింది. ఇటలీకి చెందిన మార్కో బెజెకీ గెలిచాడు. మలుపుల్లో మోకాలు, మోచేయి నేలకు రాసుకుంటూ దూసుకుపోయిన రైడర్లను చూసి ప్రేక్షకులు అబ్బురపడ్డారు. అయితే ఆ బైకుల మీద రైడర్‌తో పాటు కంటికి కనిపించని మరో చోదకుడు కూడా ఉన్నాడు. అది ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్. దాని పేరు ఇంజిన్ కంట్రోల్ యూనిట్, పొట్టిగా ఈసీయూ. రైడర్ థ్రాటిల్‌ను ఎంత తిప్పినా, వెనక చక్రానికి చివరకు ఎంత శక్తి చేరాలో తేల్చేది అదే.

‘రౌతు కొద్దీ గుర్రం’ అని మన సామెత. మరి గుర్రం తనంతట తానే జాగ్రత్తపడితే గెలుపు ఎవరిది? ఈ ప్రశ్న మీదే మోటార్‌సైకిల్ రేసింగ్ ప్రపంచం ఇరవై ఏళ్లుగా వాదులాడుకుంటోంది. ఎలక్ట్రానిక్ సాయం ఉండాలని కొందరు, తీసేయాలని కొందరు అంటారు. ఎవరి మాటలో ఎంత నిజముందో తెలియాలంటే ముందుగా ఆ సాయం ఏమిటో, అది ఎందుకు అవసరమైందో చూడాలి.

అరచేయంత పట్టు

మోటోజీపీ బైకు కనీస బరువు 157 కిలోలు. ఇంజిన్ శక్తి 250 హార్స్‌పవర్‌కు పైమాటే. ఇప్పటివరకు నమోదైన అత్యధిక వేగాల్లో ఒకటి గంటకు 366.1 కిలోమీటర్లు. ఇంత శక్తినీ నేలకు అందించేది వెనక టైరులో రోడ్డును తాకే భాగం మాత్రమే. అది దాదాపు మన అరచేయంత ఉంటుంది.

ఆ అరచేయంత రబ్బరుకు ఉన్న పట్టు పరిమితం. దాన్ని ఒక నెల జీతం అనుకోండి. బైకును మలుపులో నిలబెట్టడానికి కొంత ఖర్చవుతుంది. ముందుకు తోయడానికో, బ్రేకు వేయడానికో మిగిలినది వాడుకోవాలి. ఇక్కడ లెక్క మామూలు తీసివేత కాదు. పక్కకు లాగే బలం, ముందుకు తోసే బలం లంబకోణంలో ఉంటాయి కాబట్టి పైథాగరస్ సూత్రం వర్తిస్తుంది. మొత్తం పట్టు 100 అనుకుందాం. మలుపు కోసం 80 వాడితే ముందుకు తోయడానికి 60 మిగులుతుంది. మలుపు కోసం 95 వాడినా దాదాపు 31 మిగులుతుంది. ఇంజినీర్లు దీన్ని ‘ఘర్షణ వలయం’ అంటారు. వలయం లోపల ఉన్నంతసేపు బైకు మాట వింటుంది. గీత దాటగానే టైరు జారుతుంది.

మరి మలుపులో ఎంత ఖర్చవుతుంది? బైకు 45 డిగ్రీలు వాలిందంటే టైరు మీద పడే పక్కబలం దాదాపు బైకు, రైడర్ల బరువుకు సమానం. 60 డిగ్రీలు వాలితే అది బరువుకు సుమారు 1.7 రెట్లవుతుంది. మోటోజీపీ రైడర్లు 60 డిగ్రీలు దాటి వాలుతారు. అంటే మలుపు మధ్యలో వాళ్ల జీతం దాదాపు మొత్తం ఖర్చయిపోయి ఉంటుంది. మలుపు నుంచి బయటికి వస్తూ బైకును కొద్దికొద్దిగా నిటారు చేస్తూ, మిగులుతున్న పట్టు మేరకే థ్రాటిల్ తెరవాలి. రేసులో రైడర్ నైపుణ్యానికి అసలైన పరీక్ష అక్కడే.

జారడం కన్నా పట్టు దొరకడం ప్రమాదం

థ్రాటిల్ కాస్త ఎక్కువ తెరిస్తే వెనక చక్రం జారి బయటివైపుకు వెళుతుంది. అలాగే జారుతూ బైకు నేలకు ఒరిగిపోతే రైడర్ కూడా దాని వెంట జారుతూ పోతాడు. చాలాసార్లు లేచి నిలబడగలుగుతాడు. దీన్ని ‘లోసైడ్’ అంటారు.

అసలు భయం రెండో రకం ప్రమాదం గురించి. చక్రం జారుతుండగా రైడర్ చటుక్కున థ్రాటిల్ మూస్తాడు. పక్కకు తిరిగి ఉన్న చక్రానికి హఠాత్తుగా పట్టు దొరుకుతుంది. అంతవరకు పక్కకు జారుతున్న బైకు ఒక్క కుదుపుతో నిటారుగా లేచి, అటువైపు తిరగబడుతుంది. రైడర్ గాలిలోకి ఎగిరిపడతాడు. దీని పేరు ‘హైసైడ్’.

2001 వరకు అగ్రశ్రేణి రేసుల్లో రాజ్యమేలిన 500 సీసీ టూ-స్ట్రోక్ బైకులు ఈ ప్రమాదానికి పెట్టింది పేరు. వాటి ఇంజిన్ శక్తి నెమ్మదిగా పెరగదు, ఒక స్థాయి దాటగానే ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆస్ట్రేలియా రైడర్ మిక్ డూహన్ 1992లో పాయింట్ల పట్టికలో ముందున్న సమయంలో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత దాకా వెళ్లింది. కోలుకున్నా కుడికాలితో వెనక బ్రేకు సరిగా నొక్కలేకపోవడంతో, బొటనవేలితో వాడే బ్రేకును హ్యాండిల్ మీద అమర్చుకున్నాడు. తర్వాత 1994 నుంచి 1998 వరకు వరసగా ఐదుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు.

అదే 1992లో హోండా తన 500 సీసీ ఇంజిన్‌లో ఒక మార్పు చేసింది. నాలుగు సిలిండర్లూ సమాన వ్యవధిలో కాకుండా దాదాపు ఒకేసారి పేలేలా అమర్చింది. దీనికి ‘బిగ్ బ్యాంగ్’ అని పేరు వచ్చింది. ప్రతి తోపు తర్వాత టైరుకు కాస్త విరామం దొరికి, అది మళ్లీ పట్టు తెచ్చుకుంటుందని దీనికి ఇచ్చే వివరణ. పోటీ సంస్థలూ ఇదే బాట పట్టాయి. రైడర్‌కు టైరు పట్టు విషయంలో యంత్రం సాయపడటం ఎలక్ట్రానిక్స్‌తోనే మొదలు కాలేదన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకుందాం, ముందు పనికొస్తుంది.

కంప్యూటర్ ఏం చేస్తుంది?

ఎలక్ట్రానిక్ సాయాల్లో ముఖ్యమైనది ట్రాక్షన్ కంట్రోల్. దాని మూలసూత్రం తేలిక. రెండు చక్రాల వేగాన్నీ సెన్సర్లు కొలుస్తాయి. ముందు చక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, వెనక చక్రం 110 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే వెనక చక్రం 10 శాతం జారుతున్నట్టు. నిర్ణయించిన హద్దు దాటితే ఈసీయూ ఇంజిన్ శక్తిని తగ్గిస్తుంది. స్పార్కును కాస్త ఆలస్యం చేయడం, ఒకటి రెండు సిలిండర్లలో స్పార్కును ఆపేయడం, గాలిని లోపలికి వదిలే మూతను కొద్దిగా మూయడం దాని చేతిలో ఉన్న ఉపాయాలు.

ఆచరణలో ఇది అంత తేలిక కాదు. బైకు టైరు అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది. నిటారుగా వెళ్లేటప్పుడు టైరు మధ్యభాగం, వాలినప్పుడు అంచు నేలను తాకుతాయి. అంచు దగ్గర చుట్టుకొలత తక్కువ. కాబట్టి బైకు వేగం మారకపోయినా, వాలిన చక్రం ఎక్కువసార్లు తిరగాలి. పైగా ముందు, వెనక టైర్ల వెడల్పులు వేరు. అంటే చక్రం ఏమాత్రం జారకపోయినా రెండింటి వేగాల్లో తేడా కనిపిస్తుంది. అసలైన జారుడు ఎంతో తేల్చాలంటే ఆ క్షణాన బైకు ఎన్ని డిగ్రీలు వాలి ఉందో తెలియాలి. ఇందుకోసం బైకులో జైరోస్కోపులు, త్వరణమాపకాలు కలిసిన పరికరం ఉంటుంది. మీ ఫోను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరగడానికి కారణం ఇలాంటి సెన్సరే.

మిగతా సాయాలూ ఇదే కుటుంబానివి. వేగం పెంచేటప్పుడు ముందు చక్రం గాలిలోకి లేవకుండా చూసేది యాంటీ-వీలీ. ప్రారంభంలో శక్తిని తూచి వదిలేది లాంచ్ కంట్రోల్. థ్రాటిల్ మూసినప్పుడు ఇంజిన్ నిరోధం వల్ల వెనక చక్రం బిగుసుకుపోకుండా చూసేది మరొకటి. మన రోడ్డు బైకుల్లో మామూలైపోయిన ఏబీఎస్‌ను మాత్రం మోటోజీపీ నిబంధనలు అనుమతించవు. అక్కడ బ్రేకు బాధ్యత పూర్తిగా రైడర్ వేళ్లదే.

మనిషికి, కంప్యూటర్‌కు మధ్య ప్రధానమైన తేడా వేగం. ఏదైనా జరిగిందని గ్రహించి స్పందించడానికి మనిషికి సుమారు 0.2 సెకను పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యవధిలో బైకు ఐదున్నర మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. ఈసీయూ అదే వ్యవధిలో ఎన్నోసార్లు కొలిచి, సరిదిద్దగలదు. అయితే అది కొత్తగా పట్టును పుట్టించలేదు. ఉన్న జీతం గీత దాటకుండా ఖర్చుపెట్టడమే దాని పని. గీత అంచు మీద ఎవరు ఎక్కువసేపు నిలవగలరన్నదే పోటీ కాబట్టి, ఆ కాపలా ఎవరిదన్న ప్రశ్న ఇంత పెద్దదైంది.

రెండు పక్షాలు

సాయం ఉండాలనే వారి మొదటి వాదన భద్రత. హైసైడ్‌కు మూలమైన హఠాత్ జారుడును మొగ్గలోనే తుంచే సాధనాన్ని తెలిసి తెలిసి తీసేయడం సబబా అని వారి ప్రశ్న. రెండో వాదన పరిశోధన. రేసు ట్రాక్ ప్రయోగశాల వంటిదని, అక్కడ నేర్చినది మామూలు బైకులకు వస్తుందని తయారీ సంస్థలు చెబుతాయి.

వద్దనే వారి వాదన వేరు. థ్రాటిల్‌ను వెంట్రుకవాసిలో నియంత్రించే మణికట్టే గొప్ప రైడర్‌ను మామూలు రైడర్ నుంచి వేరు చేస్తుంది. ఆ పని కంప్యూటర్ చేస్తే తేడా చెరిగిపోతుంది, రేసు ఊరేగింపులా మారుతుంది. ఎలక్ట్రానిక్స్ పాత్ర తగ్గించాలని బహిరంగంగా కోరినవారిలో రెండుసార్లు ప్రపంచ విజేత కేసీ స్టోనర్ ఒకడు. ఖర్చు మరో అంశం. మంచి సాఫ్ట్‌వేర్ రాయాలంటే పెద్ద ఇంజినీర్ల బృందం కావాలి. చిన్న జట్లకు అది తలకు మించిన భారం.

భద్రత వాదనను కూడా కాస్త నిదానించి చూడాలి. 2020 జులైలో స్పెయిన్‌లోని హెరెజ్‌లో మార్క్ మార్కెజ్ హైసైడ్‌లో పడి కుడిచేతి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ సీజన్ మొత్తం పోయింది, తర్వాతి రెండేళ్లలో నాలుగు శస్త్రచికిత్సలు జరిగాయి. ఆయన బైకులో ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. ఎలక్ట్రానిక్స్ ప్రమాదాన్ని తగ్గించగలవు, మాయం చేయలేవు. సాయం ఉందన్న ధీమాతో రైడర్ గీతకు మరింత దగ్గరగా వెళితే లాభంలో కొంత అక్కడే కరిగిపోతుంది.

తీసేసి చూసినవారి అనుభవం

ఇలాంటి వాదనలో ఉదాహరణలు మేలు. కార్ల రేసు ఫార్ములా వన్ 1994లో ట్రాక్షన్ కంట్రోల్‌ను నిషేధించింది. కానీ ఎవరి సాఫ్ట్‌వేర్ వారిదే కావడంతో లక్షల ఆజ్ఞల మధ్య ఏది ఎక్కడ దాగుందో నిరూపించడం కష్టమైంది. అనుమానాలు చల్లారలేదు. చివరకు 2001లో నిషేధం ఎత్తేశారు. 2008లో అన్ని కార్లకూ ఒకే రకం ఈసీయూను తప్పనిసరి చేశాకే మళ్లీ నిషేధించగలిగారు. సాఫ్ట్‌వేర్‌ను కాగితం మీది నిబంధన కన్నా ఉమ్మడి పరికరమే బాగా అదుపు చేస్తుందని అందరికీ తెలిసివచ్చింది.

బ్రిటిష్ సూపర్‌బైక్ పోటీలు ఈ పాఠాన్నే అనుసరించాయి. 2012లో అందరికీ ఒకే ఈసీయూ ఇచ్చి ట్రాక్షన్ కంట్రోల్, లాంచ్ కంట్రోల్, యాంటీ-వీలీ తీసేశాయి. పోటీలు ఆసక్తికరంగానే కొనసాగాయి. అయితే అవి మోటోజీపీ బైకులంత శక్తిమంతమైనవి కావు. కాబట్టి అక్కడ కుదిరినది ఇక్కడా కుదురుతుందని నేరుగా చెప్పలేం.

మోటోజీపీ మధ్యేమార్గం ఎంచుకుంది. సాయాలను తీసేయకుండా, 2016 నుంచి అందరి మాగ్నెటి మారెల్లి ఈసీయూల్లోనూ ఒకే సాఫ్ట్‌వేర్‌ను తప్పనిసరి చేసింది. అంతకుముందు పెద్ద సంస్థలు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములతో పోలిస్తే ఇది సాదాది. 2019 నుంచి వాలు కొలిచే పరికరాన్ని కూడా ఉమ్మడి చేసింది. ఎందుకంటే ఈసీయూ ఒకటే అయినా, దానికి సమాచారం అందించే సెన్సర్‌లో మార్పులు చేస్తే మళ్లీ దొడ్డిదారి తెరుచుకుంటుంది.

ఫలితం? 2013, 2014, 2015 సీజన్లలో మొత్తం 54 రేసులు జరిగితే, గెలిచింది నలుగురే: మార్కెజ్, లోరెంజో, రోసీ, పెడ్రోసా. నలుగురూ హోండా, యమహా రైడర్లే. 2016లో 18 రేసులకు తొమ్మిది మంది వేర్వేరు విజేతలు వచ్చారు. డుకాటీ 2010 తర్వాత, సుజుకి 2007 తర్వాత తొలిసారి గెలిచాయి. సొంత ఫ్యాక్టరీ జట్టు కాని జట్ల రైడర్లు జాక్ మిల్లర్, కాల్ క్రచ్‌లో కూడా గెలిచారు.

ఈ అంకెలు చూసి ‘ఉమ్మడి సాఫ్ట్‌వేర్ పోటీని పెంచింది’ అని వెంటనే తేల్చేయాలనిపిస్తుంది. కానీ సైన్సు ప్రయోగంలో ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలి. 2016లో టైర్లు కూడా మారాయి, బ్రిడ్జ్‌స్టోన్ పోయి మిషెలిన్ వచ్చింది. ఇంధన పరిమితి మారింది. పైగా చాలా రేసులు వానలో, తడి ట్రాక్ మీద జరిగాయి. మిల్లర్ గెలుపు అలాంటి రోజునే వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాటా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. పైగా 2024లోనూ అందరిదీ అదే సాఫ్ట్‌వేర్. అయినా ఆ ఏడాది 20 ప్రధాన రేసుల్లో 19 డుకాటీ బైకులే గెలిచాయి.

నీరు పల్లమెరుగు

ఒకే సాఫ్ట్‌వేర్ ఉండగా ఒకే సంస్థ ఇంత ముందుకు ఎలా వెళ్లింది? ఇంజినీర్ల తెలివి నిబంధనలు అడ్డుకోని వైపుకు మళ్లింది. దాన్ని అర్థం చేసుకోవడానికి వీలీనే ఉదాహరణగా తీసుకుందాం.

బైకు వేగం పుంజుకునేటప్పుడు భారం వెనక చక్రం మీదికి జరుగుతుంది. త్వరణం సుమారు 1 జీ దగ్గరకు రాగానే ముందు చక్రం లేవడం మొదలవుతుంది. యాంటీ-వీలీ దీన్ని శక్తి తగ్గించి ఆపుతుంది. అంటే వేగాన్ని కొంత వదులుకోవాలి. శక్తి తగ్గించకుండా ముందు చక్రాన్ని నేల మీదే ఉంచాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, గాలితో కిందికి నొక్కించడం. 2015లో డుకాటీ మొదలుపెట్టిన చిన్న రెక్కల పని అదే. కొత్త ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌లో యాంటీ-వీలీ మునుపటంత చురుకుగా లేకపోవడంతో 2016లో రెక్కల అవసరం పెరిగింది. భద్రత కారణంతో 2017కు రెక్కలను నిషేధిస్తే, అదే పనిని బైకు ముందు తొడుగు ఆకారంలోనే ఇమిడ్చారు.

రెండోది, బరువు కేంద్రాన్ని కిందికి దించడం. అది ఎంత కిందికి ఉంటే ముందు చక్రం లేవడానికి అంత ఎక్కువ త్వరణం కావాలి. అందుకే మలుపు దాటగానే బైకు వెనక భాగాన్ని కిందికి దించే అమరికలు వచ్చాయి. ఎలక్ట్రానిక్ సస్పెన్షన్‌ను నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి వీటిని మెకానికల్‌గా, హైడ్రాలిక్‌గా తయారుచేశారు. 1992 నాటి బిగ్ బ్యాంగ్ ఇంజిన్ గుర్తుందిగా? ఇదీ అదే కోవ. రైడర్‌కు యంత్రం చేసే సాయం తీగల్లోంచి పోయి గొట్టాల్లోకి చేరింది. 2027 నుంచి మోటోజీపీ ఈ ఎత్తు మార్చే అమరికలను నిషేధిస్తోంది. రెక్కలకు కోత పెడుతోంది. ఇంజిన్‌ను 1000 సీసీ నుంచి 850 సీసీకి తగ్గిస్తోంది.

మన రోడ్డు మీద లెక్క వేరు

ఇక మన వీధిలోకి వద్దాం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారే. 125 సీసీ దాటిన కొత్త బైకులన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. పుణె దగ్గర చాకన్‌లో తయారయ్యే కేటీఎం 390 అడ్వెంచర్ వంటి బైకుల్లో ట్రాక్షన్ కంట్రోల్, వాలులోనూ పనిచేసే ఏబీఎస్ ఉన్నాయి.

మోటోజీపీలో నిషేధించిన ఏబీఎస్ మన రోడ్డు మీద తప్పనిసరి కావడం వింతగా తోచవచ్చు. రెండు చోట్లా అవసరాలు వేరు. రేసు రైడర్ ఒకే మలుపును పదుల సార్లు తిరుగుతాడు, అక్కడ ఎంత పట్టుందో అతనికి తెలుసు. అతని చుట్టూ కంకర మేటలు, ఒంటి మీద గాలి సంచి ఉన్న సూటు ఉంటాయి. 2018 నుంచి ఆ సూటు మోటోజీపీలో తప్పనిసరి. సెన్సర్లతో పనిచేసే ఆ సూటును ‘అతి సాయం’ అని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఎందుకంటే అది పడ్డాక కాపాడుతుందే తప్ప, పడకుండా ఉండే నైపుణ్యానికి బదులుగా నిలవదు. మన రోడ్డు మీద మలుపు దాటితే ఇసుక ఉందో, గేదె ఉందో, ఆయిల్ మరక ఉందో తెలియదు. అక్కడ నైపుణ్యానికి పరీక్ష పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇంటికి క్షేమంగా చేరడమే లక్ష్యం.

కాబట్టి ‘ఎలక్ట్రానిక్స్ మంచివా, చెడ్డవా?’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘ఈ చోట ఏ పని మనిషికే వదలాలి?’ అని అడిగితే జవాబు దొరుకుతుంది. రోడ్డు మీద, గీత దాటకుండా కాపలా కాసే పనిని వీలైనంతవరకు యంత్రానికి అప్పగించడం మేలు. రేసులో ఆ కాపలాయే పోటీ. దాన్ని ఎంతవరకు పంచుకోవాలో క్రీడ తనకు తానే నిర్ణయించుకోవాలి. ఒక దారి మూస్తే ఇంజినీర్లు మరో దారి వెతుకుతారు కాబట్టి, ఆ నిర్ణయాన్ని కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ తీసుకోవాల్సి ఉంటుంది.

ఈసారి మోటోజీపీ రేసు చూసినప్పుడు మలుపు చివర చెవి ఒగ్గి వినండి. ఇంజిన్ మోత ఒక్కసారిగా పెరగకుండా, నత్తి మాటలా తడబడుతూ పెరుగుతుంది. సిలిండర్లలో స్పార్కును ఆపుతూ వదులుతూ ఈసీయూ చేసే చప్పుడు అది. ఆ తడబాటు తక్కువగా వినిపిస్తే, థ్రాటిల్‌ను తూచి తిప్పుతున్నది రైడర్ మణికట్టే అనుకోవచ్చు.